బిడ్డలు నిలువని యిల్లు: అరుదగు రోగములపై ఐరోపావారి ఉమ్మడికృషి

బిడ్డలు పుట్టి నిలువని తల్లుల దుఃఖము నెఱుగని గ్రామము మన దేశమున నుండదు. పుట్టినప్పుడు బొద్దుగ, ముద్దుగ నున్న శిశువు రెండవనెలయో మూడవనెలయో వచ్చునప్పటికి పాలు కుడువక, నోటిపూతతోను, విరేచనములతోను, విడువని దగ్గుతోను కృశించి, ఏడాది నిండకమునుపే కన్నుమూయును. మరుకాన్పున పుట్టిన మగబిడ్డకును అదే గతి పట్టును. మన పెద్దలు దీనిని బాలారిష్టమనిరి, దృష్టిదోషమనిరి. ఆ పిదప పుట్టిన బిడ్డకు పెంటయ్య యనియో పుల్లయ్య యనియో పేరిడి, ఇట్టి పేరుగల బిడ్డను మృత్యువు కోరదని యాశపడిరి. ఆ శిశువులలో ననేకులను కొనిపోయినవి మశూచికము, మలేరియా, కోరింతదగ్గు మున్నగు నందఱెఱిగిన రోగములే. కాని వారిలో ఏ కొందఱో, రోగముతో పోరాడు శక్తియే లేక పుట్టినవారును ఉండిరి. వారికి ఏ రోగము వచ్చినను అదే కడపటిదగును. ఒకటి తగ్గినచో మఱియొకటి వచ్చును.

అట్టి శిశువులు లోకమున నన్ని జాతులలోను పుట్టుదురు. ఐరోపాఖండమున గడచిన డెబ్బదియైదు సంవత్సరములలో వైద్యులు, శాస్త్రజ్ఞులు, తల్లిదండ్రులు కలసి ఈ లోపమును ఎట్లు గుర్తించిరో, దానికి చికిత్స నెట్లు కనుగొనిరో మా సోదరీమణులకు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము. ఇందు మేము ముఖ్యముగ చూపదలచిన దొక్కటే: అరుదుగ వచ్చు రోగమును ఏ యొక్క వైద్యుడును, ఏ యొక్క ఆసుపత్రియు, ఏ యొక్క దేశమును ఒంటరిగ నేర్చుకొనజాలదు. పదిమందికి తెలిసిన కొంచెము కొంచెము ఒకచోట పోగైననే అది విద్య యగును.

అరుదన నెంత?

ఒక రోగమును అరుదైనదని యెప్పుడనవలెను? ఐరోపా సమాఖ్యవారు 1999 డిసెంబరులో చేసిన యొక శాసనమున దీనికి కొలత పెట్టిరి. 10,000 మందిలో 5 గురికి మించి రాని రోగము అరుదైనది. ఈ కొలతనుబట్టి చూచినచో అట్టి రోగములు 6,000కు పైగా కలవు. ఒక్కొక్క రోగము అరుదేకాని, రోగులనందఱను కూడినచో వారు కోట్లకొలది యగుదురు. ఫ్రాన్సు దేశమున 1997లో నేర్పడిన ఆర్ఫానెట్ అను సంస్థవారి దాఖలాలనుబట్టి, లోకమంతట ఇట్టివారు 30 కోట్లకు తక్కువ యుండరని 2020లో లెక్క ప్రకటించిరి.

కొనువారు తక్కువ యగుటచే ఇట్టి రోగములకు మందులు చేయుటకు వర్తకులు ముందునకు రారు. దిక్కులేని ఆ మందులకు 'అనాథౌషధములు' అని పేరు వచ్చినది. పైన చెప్పిన శాసనము, అట్టి మందు చేసినవారికి పది సంవత్సరములు పోటీలేని విక్రయాధికారమిచ్చి వారిని ప్రోత్సహించినది.

మేము చెప్పబోవు రోగము ఈ కొలతకంటెను మిక్కిలి అరుదు. 50,000 మొదలు 60,000 వఱకు శిశువులు పుట్టినచో అందొకరికి వచ్చును. దీనిని వైద్యులు 'సివియర్ కంబైన్డ్ ఇమ్యునో డెఫిషియన్సీ' అందురు. క్లుప్తముగ 'స్కిడ్' అందురు. మన భాషలో తీవ్ర రక్షణలోపమని చెప్పుకొనవచ్చును.

కావలి లేని యిల్లు

మన నెత్తుటిలో ఎఱ్ఱకణములతోపాటు తెల్లకణములును కలవు. ఈ తెల్లకణములు ఇంటికి కావలివారివంటివి. అందు లింఫోసైటులు అనునవి ముఖ్యమైనవి. వీనిలో టి కణములు, బి కణములు అని రెండు తెగలు. రెండును ఎముకల లోపలి మూలుగలోనే పుట్టును. టి కణములు ఱొమ్ముటెముక వెనుకనున్న థైమసు అను గ్రంథిలో చేరి యచ్చట శిక్షణము పొందును. ఇవి శత్రువును గుర్తించి తామే చంపును. తక్కిన కావలివారికి ఆజ్ఞలిచ్చును. బి కణములు శత్రువునకు తగిన విరుగుడు పదార్థములను తయారుచేసి నెత్తుటిలో విడుచును. స్కిడ్ గల శిశువునకు టి కణములు లేవు. బి కణములు లేకపోవుటయో, ఉండియు పనిచేయకపోవుటయో జరుగును. ఇంటికి తలుపులే కాదు, కావలివాడును లేడన్నమాట.

అట్లయినచో ఆ శిశువు పుట్టగనే యేల జబ్బుపడడు? గర్భమున నుండగా తల్లి నెత్తుటినుండి విరుగుడు పదార్థములు బిడ్డకు చేరియుండును. అవి తల్లి కట్టియిచ్చిన చద్దిమూటవంటివి. కొన్ని మాసములలో ఆ మూట ఖాళీ యగును. ఇతర శిశువులు అప్పటికి తమ సొంత రక్షణను సమకూర్చుకొందురు. ఈ శిశువు సమకూర్చుకొనలేడు. చికిత్స లేనిచో ఒకటి రెండేండ్లలోపలనే మరణము తప్పదు.

ఈ రోగమును మొదట వర్ణించినవారు స్విట్జర్లండు వైద్యులు. బెర్న్ నగరమున గ్లాంజ్‌మన్, రినికర్ అను నిరువురు 1950లో, నెత్తుటిలో లింఫోసైటులు దాదాపు లేక, అంటురోగములతో మరణించిన శిశువులనుగూర్చి వ్రాసిరి. 1958లో జూరిచ్ నగరమున హిట్జిగ్ అను వైద్యుడును అతని సహచరులును, ఇట్టి శిశువులలో విరుగుడు పదార్థములును లేవని చూపిరి. చాలకాలము లోకమంతట వైద్యులు దీనిని 'స్విట్జర్లండు తరహా' రోగమనియే పిలిచిరి. అది ఆ దేశపు రోగమని కాదు. అచ్చటి వైద్యులు చనిపోయిన బిడ్డల సంగతిని వ్రాసిపెట్టి యుండుటచే వచ్చిన పేరది.

ఈ లోపమునకు కారణము జన్యువులలో నున్నది. మన శరీరము ఎట్లు నిర్మింపబడవలెనో తెలుపు వ్రాతలే జన్యువులు. స్కిడ్‌లో పెక్కు తెగలు కలవు. అందొక ముఖ్యమైన తెగ తల్లి ద్వారమున మగబిడ్డలకు మాత్రమే వచ్చును. ఆడువారికి ఎక్సు అను క్రోమోజోములు రెండుండును. ఒకదానిలో తప్పున్నను రెండవది పనిచేయును. మగవారికి అది యొక్కటియే. అందుచే తల్లి ఆరోగ్యవతిగ నుండును. ఆమె కనిన ప్రతి మగబిడ్డకును రోగము వచ్చుటకు సగము అవకాశముండును. ఈ తెగకు కారణమగు జన్యువును అమెరికా శాస్త్రజ్ఞులు 1993లో గుర్తించిరి. మఱికొన్ని తెగలలో తల్లియందును తండ్రియందును ఒక్కొక్క తప్పు దాగియుండి, రెండును బిడ్డలో కలసినప్పుడే రోగము పుట్టును. దీనిలో నెవరి యపరాధమును లేదు. కన్ను మూసిన బిడ్డకు తల్లి పాపమును కారణముగ చెప్పు నలవాటు ఇంకను కొన్ని యిండ్లలో మిగిలియున్నచో, దానికి ఈ శాస్త్రము చాలినంత సమాధానము.

తల్లుల నెత్తురు నేర్పిన పాఠము

కావలివారు పుట్టవలసిన మూలుగయే లోపముగలదైనచో, ఆరోగ్యవంతుల మూలుగను తెచ్చి యెక్కించిన చాలదా? ఈ యూహ వైద్యులకు త్వరలోనే కలిగినది. కాని ఒకరి మూలుగ మఱియొకరికి సరిపడదు. కొత్త మూలుగలోని కావలి కణములు, బిడ్డ శరీరమునే శత్రువని యెంచి దానిపై పడి చంపును. కణములపైన ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు ఉండుటయే దీనికి కారణము. ఆ గుర్తులను చదువు విద్య కావలసివచ్చెను.

ఆ విద్య గర్భిణీస్త్రీల నెత్తుటినుండి పుట్టినదన్న సంగతి మా పాఠకురాండ్రకు ప్రీతి గలిగించును. బిడ్డ కణములపై సగము గుర్తులు తల్లివి, సగము తండ్రివి. తొమ్మిదినెలలు కడుపులో మోసిన తల్లులలో కొందఱి నెత్తురు, తండ్రివగు ఆ క్రొత్త గుర్తులను కనిపెట్టి, వానిని పట్టుకొను పదార్థములను తయారుచేయును. హాలండు దేశమున లైడెన్ నగరపు వైద్యుడు యాన్ వాన్ రోడ్, 1958లో ఈ సంగతిని ప్రకటించెను. అమెరికాలో రోజ్ పేన్ అను స్త్రీ శాస్త్రజ్ఞురాలు ఆ యేటనే ఇట్టిదానినే కనుగొనెను. పారిస్ నగరమున జాఁ దౌసే అను వైద్యుడు ఆ సంవత్సరమే మొదటి గుర్తును వర్ణించెను. ఇతనికి 1980లో నోబెల్ బహుమతి వచ్చినది. తల్లుల నెత్తుటినుండి తీసిన ఆ పదార్థములే ఒకరి గుర్తులను మఱియొకరి గుర్తులతో సరిచూచుటకు పనిముట్లైనవి.

కాని లైడెన్‌వారు చదివిన గుర్తునకు ఒక పేరు, పారిస్‌వారు చదివిన గుర్తునకు మఱియొక పేరు. రెండును ఒకటియో కాదో యెట్లు తెలియవలెను? ఇందులకై ఆ శాస్త్రజ్ఞులు తమ తమ సీసాలతో ఒకచోట కూడి, ఒకే నెత్తుటిని అందఱును పరీక్షించి చూచిరి. 1964లో అమెరికాలోని డర్హము నగరమునందును, 1965లో లైడెన్‌నందును, 1967లో ఇటలీలోని టూరిన్‌నందును ఇట్టి కూటములు జరిగినవి. టూరిన్ కూటమును జరిపినవాడు చెప్పెల్లీని. అచ్చట పెక్కు కుటుంబముల నెత్తురు పరీక్షింపగా, ఈ గుర్తులు తల్లిదండ్రులనుండి గుత్తిగా బిడ్డలకు వచ్చునని రూఢియైనది. కావున తోడబుట్టినవారిలో నలుగురికి ఒకరు సరిగ సరిపోవు అవకాశము కలదు.

మరుసటి సంవత్సరము, 1968లో, స్కిడ్ గల శిశువులకు మూలుగ నెక్కించుట సఫలమైనది. అమెరికాలోని మినియాపోలిస్ నగరమున ఒక మగశిశువు తన యక్కగారి మూలుగచే బ్రతికెను. ఐరోపాలో ఆ సంవత్సరముననే లైడెన్‌నందు మఱియొక శిశువునకు ఈ చికిత్స జరిగినది. ఒక బిడ్డ మరణమునకు ఏడ్చిన యింటిలోనే మఱియొక బిడ్డ శరీరమున దానికి మందు ఉన్నదని తెలిసిన దినమది.

ఉమ్మడి చిట్టా

ఇచ్చట చిక్కొకటి వచ్చెను. ఎంత మూలుగ నెక్కించవలెను, ఏ వయసున, ముందుగ ఏ మందు లీయవలెను అను ప్రశ్నలకు సమాధానము అనుభవమునుండియే రావలెను. అనుభవమునకు రోగులు కావలెను. ఒక్కొక్క ఆసుపత్రికి వచ్చు స్కిడ్ శిశువులు సంవత్సరమున కొకరైన నుండరు. అందుచే 1974 మొదలుకొని పారిస్, లైడెన్, లండన్, బాజెల్ నగరముల వైద్యులు స్విట్జర్లండులోని సెయింట్ మారిట్జ్ అను కొండయూర కూడి, తమ రోగుల సంగతులను ఒకరికొకరు చెప్పుకొనసాగిరి. అందునుండియే ఐరోపా మూలుగచికిత్సా సంఘము పుట్టినది. రక్షణలోపముల వైద్యులును వేఱుగ నొక సంఘముగ నేర్పడిరి. వారు పెట్టిన నియమము సరళమైనది: బ్రతికిన బిడ్డను వ్రాసినట్లే చనిపోయిన బిడ్డనుగూడ చిట్టాలో వ్రాయవలెను.

ఆ చిట్టా ఫలితములు 2003లో ప్రకటితమైనవి. 1968 మొదలు 1999 వఱకు 18 దేశములలోని 37 ఆసుపత్రులు 919 మంది రోగులకు 1,082 మారులు మూలుగకణముల నెక్కించెను. అందు స్కిడ్ రోగులు 475 మంది. గృహిణులకు లెక్కలు కొత్తగావు, భాగించి చూడుడు. ముప్పదిరెండేండ్లలో ఒక్కొక్క ఆసుపత్రికి వచ్చినవారు సుమారు పదముగ్గురు. పదముగ్గురిని చూచి యెవరును ఏమియు నిశ్చయింపజాలరు. 475 మందిని చూచినప్పుడు నిజము కన్నులకు కట్టినది. గుర్తులు సరిగ సరిపోయిన దాత దొరికినవారిలో 100కి 77 మంది మూడేండ్లకును కొత్త మూలుగ నిలిచి బ్రతికియుండిరి. సరిపోనివారిలో 54 మంది. ఏండ్లు గడచినకొలది బ్రతికినవారి సంఖ్య హెచ్చుచు వచ్చినది. ఏ దేశపు వైద్యుడు చేసిన పొరపాటైనను తక్కిన దేశములవారికి పాఠమగుటయే ఈ వృద్ధికి ముఖ్యకారణము.

ఒక తల్లి పూనిక

తోడబుట్టినవారు సరిపడనిచో, ఆ కుటుంబము వెలుపల దాతను వెదకవలెను. ఎచ్చట? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినది వైద్యుడు కాదు, ఒక తల్లి. షర్లీ నోలన్ అను స్త్రీ కుమారుడగు ఆంథొనీ, 1971లో విస్కాట్-ఆల్డ్రిచ్ అను మఱియొక అరుదైన రక్షణలోపముతో పుట్టెను. ఆమె వానిని వెంటగొని ఆస్ట్రేలియానుండి ఇంగ్లండు వచ్చి, మూలుగ నిచ్చుటకు సమ్మతించిన పరులపేరులు వ్రాసియుంచు పట్టికను 1974లో లండన్‌నందు ఆరంభించెను. అంతకుమున్ను లోకమున నట్టి పట్టిక లేదు. ఆ పట్టిక దినదినము పెరిగినది. కాని ఆంథొనీకి సరిపడు దాత అందు దొరకలేదు. 1979లో, ఎనిమిదేండ్లు నిండకమునుపే ఆ బాలుడు మరణించెను. షర్లీ నోలన్ పని మానలేదు. తన బిడ్డకు దొరకనిది ఇతరుల బిడ్డలకు దొరకవలెనని 2002లో తాను మరణించువఱకు ఆ సంస్థను ఆదరించెను.

దేశదేశములలో ఇట్టి పట్టికలు పుట్టినవి. 1988లో లైడెన్ వైద్యుడు వాన్ రోడ్ వీని నన్నిటిని ఒక్క గ్రంథముగ కూర్చు పని నారంభించెను. నేడు ఆ ఉమ్మడిపట్టికలో నాలుగుకోట్లకు మించిన దాతలు కలరు. మన దేశమునను చెన్నపట్టణమున 2009లో దాత్రి అను పట్టిక యేర్పడినది. ఒకే జాతివారిలో గుర్తులు సరిపడుట సులభమగుటచే, తెలుగుబిడ్డకు తెలుగుదాత దొరకు అవకాశము హెచ్చు. అట్టి పట్టికలో మనవారి పేరులెన్ని యుండునో మన బిడ్డల భాగ్య మంత.

జయమును అపజయమును

దాత దొరకని బిడ్డల మాట యేమి? బిడ్డ మూలుగనే తీసి, అందలి తప్పు జన్యువునకు తోడుగ సరియైన జన్యువును చేర్చి, మరల బిడ్డకే యెక్కించినచో దాతతో పనియే లేదు. పారిస్‌లోని నెకెర్ శిశువైద్యశాలలో ఆలేన్ ఫిషర్, మరీనా కవజానా యను వైద్యులు 1999లో దీనిని సాధించిరి. జన్యువును కణములోనికి చేర్చుటకు హానిలేకుండ చేయబడిన యొక వైరసును బండిగా వాడిరి. లోకమున జన్యుచికిత్సచే రోగము నయమైన మొదటివారిలో ఈ శిశువులు చేరుదురు. గాజుగదులలో నుండవలసిన బిడ్డలు ఇండ్లకు పోయి తోడిపిల్లలతో నాడుకొనిరి. లండన్‌నందు ఏడ్రియన్ త్రాషర్ బృందమును ఇదేవిధమగు చికిత్సను జరిపినది.

2002లో పిడుగు పడినట్లయినది. పారిస్‌లో చికిత్స పొందిన యిరువురు బిడ్డలకు లుకేమియా, అనగా నెత్తుటి క్యాన్సరు కనబడినది. వైరసుబండి, కణముల పెరుగుదలను నడపు నొక జన్యువు ప్రక్కను దిగి దానిని మేలుకొల్పినదని పరీక్షలో తెలిసినది. కడకు పారిస్, లండన్ నగరములలోని 20 మంది బిడ్డలలో 5 గురికి ఈ యాపద వచ్చినది. వారిలో ఒకరు మరణించిరి, తక్కినవారు చికిత్సచే బ్రతికిరి.

ఆ వైద్యులు ఈ సంగతిని దాచలేదు. వెంటనే చికిత్స నిలిపి, లోకమునకెల్ల తెలియజేసిరి. దాచియున్నచో ఇతరదేశములలో నెందఱు బిడ్డలు ఆ యాపదకు లోనగుదురో యూహింపుడు. శాస్త్రజ్ఞులు బండిని మార్చి, ప్రక్క జన్యువులను మేలుకొల్పజాలని దానిని నిర్మించిరి. పారిస్, లండన్, అమెరికా నగరముల వైద్యులు కలసి 9 మంది బాలురకు దానితో చికిత్స చేసి, 2014లో ఫలితము ప్రకటించిరి. అప్పటికి ఎనిమిదిమంది జీవించియుండిరి. తొమ్మిదవవాడు చికిత్సకు పూర్వమే సోకియున్న వ్యాధిచే మరణించెను. లుకేమియా ఎవరికిని రాలేదు.

ఇటలీలోని మిలాన్ నగరమున ఎ.డి.ఏ. అను పాచకద్రవ్యము లేకపోవుటచే వచ్చు స్కిడ్‌నకు ఇట్టి జన్యుచికిత్సయే సిద్ధమైనది. 2009లో ప్రకటించిన లెక్కలో చికిత్స పొందిన పదిమంది బిడ్డలును జీవించియుండిరి. దీనికి మూలధనమిచ్చినది టెలెథాన్ అను ధర్మసంస్థ. 1990నుండి టెలివిజనులో విజ్ఞప్తులు చేసి ఇటలీ ప్రజల చందాలు పోగుచేయుచున్నది. 2016లో ఐరోపా సమాఖ్య ఈ మందునకు అనుమతి నిచ్చినది. ధర 5,94,000 యూరోలు. రోగులు కొద్దిమంది యగుటచే ఇది వ్యాపారమునకు లాభసాటి కాలేదు. ఒక కంపెనీనుండి మఱియొక కంపెనీకి చేతులుమారి, కడకు 2023లో టెలెథాన్ సంస్థయే దానిని మరల స్వీకరించినది. 2020లో ఈ చికిత్స పొందినవారిలో ఒకరికి లుకేమియా కనబడినదని కూడ ప్రకటించిరి. మంచిని చెడ్డను ఒకే చిట్టాలో వ్రాయు నియమము ఇచ్చటను సాగినది.

రోగి కదలక దాఖలాలు కదలుట

2017 మార్చిలో ఐరోపా సమాఖ్యవారు అరుదైన రోగములకై 24 వైద్యసంఘముల నేర్పరచిరి. 300కు మించిన ఆసుపత్రులు వీనిలో చేరినవి. రక్షణశక్తికి సంబంధించిన రోగములకు ఏర్పడిన సంఘమునకు 'రీటా' అని పేరు. ఇంటి ఆడపిల్ల పేరువలె నున్నది. కావలి లేని రోగములు, కావలివాడే ఇంటివారిపై తిరుగబడు రోగములు, శత్రువు లేకయే గంట మ్రోగించి జ్వరములు తెప్పించు రోగములు, ఈ మూడు తెగలును దీని క్రిందివే. ఒక చిన్నయూరి ఆసుపత్రికి అర్థముకాని రోగి వచ్చినచో, అచ్చటి వైద్యుడు అతని దాఖలాలను పంపును. నాలుగు దేశముల నిపుణులు కూడి చూచి సలహా చెప్పుదురు. జ్వరముతోనున్న బిడ్డను చంకనిడుకొని తల్లి దేశములు తిరుగనక్కఱలేదు.

ఇట్టి కట్టు రాజకీయములకు అతీతము కాదు. బ్రిటను సమాఖ్యను విడుచుటచే, ఆ దేశపు ఆసుపత్రులు 2020 కడపట ఈ సంఘములనుండి తప్పుకొనవలసివచ్చినవి. మొదటి దాతలపట్టిక పుట్టిన దేశము, రెండవ జన్యుచికిత్స జరిగిన దేశము వెలుపల నిలిచినది. రోగములకు సరిహద్దులు లేవు. మందులకు మాత్రము గలవు.

ఈ కృషిలో రోగుల కుటుంబముల పాత్రయు చిన్నది కాదు. 1997లో వారి సంఘములు కొన్ని కూడి పారిస్‌లో యూరోర్డిస్ అను నుమ్మడిసంఘమును స్థాపించినవి. 2008లో, నాలుగేండ్ల కొకమారు వచ్చు ఫిబ్రవరి 29వ తేదీని, అరుదైన దినమగుటచేత, అరుదైన రోగముల దినముగ ఈ సంఘమే యేర్పరచినది. ఇతర సంవత్సరములలో ఫిబ్రవరి కడపటి దినమున జరుపుదురు.

మడమనుండి ఒక చుక్క

ఇంతవఱకు నేర్చిన పాఠములలో ముఖ్యమైనది, త్వరగ కనిపెట్టుట. అమెరికాలో 25 ఆసుపత్రులవారు 240 మంది స్కిడ్ శిశువుల లెక్కలను 2014లో ప్రకటించిరి. మూడున్నరనెలల లోపల మూలుగ నెక్కించినచో 100కి 94 మంది అయిదేండ్లకును జీవించియుండిరి. అంటురోగములు సోకకముందే చేసిన చికిత్సకును, సోకిన పిదప చేసిన చికిత్సకును అంత భేదము. అందుచే పుట్టిన శిశువు మడమనుండి చుక్క నెత్తురు తీసి, కాగితముపై నార్చి, టి కణముల జాడ కలదో లేదో పరీక్షించు పద్ధతి వచ్చినది. నార్వే 2018లోను, జర్మనీ 2019లోను, హాలండు 2021లోను దేశమందలి శిశువులందఱికిని దీని నారంభించినవి.

మన యిండ్లకు చెందిన మాట

మన దేశమున శిశువులందఱికిని ఈ పరీక్ష జరుగుట లేదు. కావున ఇచ్చట తల్లుల జ్ఞాపకమే మొదటి పరీక్ష. పుట్టగనే మన శిశువులకు క్షయనుండి కాపాడు బి.సి.జి. టీకా వేయుదురు. ఇది కోట్లకొలది బిడ్డలకు రక్ష. కాని ఇది సజీవటీకా. స్కిడ్ గల బిడ్డకు ఇదియే రోగమగును. 17 దేశముల 28 ఆసుపత్రులు కూడి 2014లో ప్రకటించిన లెక్కలో, బి.సి.జి. పొందిన 349 మంది స్కిడ్ రోగులలో సగముమందికి ఆ టీకా వలననే ఆపదలు వచ్చినవి. మొదటినెలలో వేసినచో ఆపద హెచ్చు. కావున ఆ యింట మునుపు ఏ శిశువైన పసితనమున అంటురోగములతో మరణించియున్నచో, టీకా వేయకమునుపే ఆ మాటను వైద్యునకు తప్పక చెప్పవలెను. పుట్టింటివైపున అన్నదమ్ములో, మేనమామలో మగశిశువులుగ మరణించియున్నచో అదియు చెప్పవలెను. వైద్యుడు కొన్నిదినము లాగుమనినచో ఆగవలెను. మనకై మనము మానరాదు.

పరీక్ష ఖరీదైనది కాదు. నెత్తుటిలో లింఫోసైటుల లెక్కను ఏ పట్టణమునందైన చేయుదురు. బెర్న్ వైద్యులు 1950లో చూచినది ఆ లెక్కనే. అది మిక్కిలి తక్కువగ నున్నచో పెద్ద వైద్యశాలకు పోవలెను. ఎడతెగని నోటిపూత, మానని విరేచనములు, తరచు వచ్చు న్యుమోనియా, బరువు పెరుగకపోవుట, ఇవి గుర్తులు. మేనరికములును మేనమామ వివాహములును గల కుటుంబములలో, ఇరువైపులను దాగిన తప్పు కలియుట కవకాశము హెచ్చు. అట్టివారు మఱింత శ్రద్ధ వహింపవలెను.

భారతప్రభుత్వము 2021లో అరుదైన రోగములకై యొక జాతీయవిధానము ప్రకటించినది. ఒక్కమారు చేయు చికిత్సచే నయమగు రోగముల తరగతిలో స్కిడ్ పేరు అందు కలదు. ఏర్పరుపబడిన కేంద్రములలో చికిత్సకు 50 లక్షల రూపాయలవఱకు సాయము చేయుటకు నిబంధన కలదు. హైదరాబాదులోని నిజాము వైద్యవిజ్ఞానసంస్థయు, డి.ఎన్.ఏ. పరిశోధనాకేంద్రమును కలసి అట్టి కేంద్రములలో నొకటిగ నున్నవి.

ఐరోపావారి చిట్టాలో ప్రతి పంక్తియు ఒక తల్లి చెప్పగా వైద్యుడు వ్రాసికొనినదే: బిడ్డ యెప్పుడు పుట్టెను, ఎన్నవనెలలో దగ్గు వచ్చెను, మునుపటి బిడ్డ యెట్లు పోయెను. మన యిండ్లలో పోయిన బిడ్డ మాట యెత్తుట అశుభమని తలచి ఊరకుందురు. ఆ మాట మనసులో దాచుకొనినచో దుఃఖముగనే మిగులును. వైద్యునితో చెప్పినచో, రేపు పుట్టబోవు బిడ్డకు రక్ష కావచ్చును. అక్కచెల్లెండ్రారా, అది మాత్రము చెప్పుడు.